ఆపద వేళ సర్కారు కొనుగోళ్లు



ప్రభుత్వం ఒక మందు కొనాలంటే మామూలు రోజుల్లో ఎంత కాలం పడుతుందో చెప్పి మొదలుపెడతాను. ముందు ఏ ఆసుపత్రికి ఎంత కావాలో ఇండెంట్లు రావాలి. అవన్నీ కూడి టెండర్ పిలవాలి. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి, 2017 ప్రకారం బహిరంగ టెండర్‌కు బిడ్లు వేయడానికి మామూలుగా కనీసం మూడు వారాల గడువివ్వాలి. ఆ తర్వాత కంపెనీల అర్హతలు చూడాలి, ధరలు తెరవాలి, ఒప్పందం రాసుకోవాలి. వాళ్లు తయారుచేసి పంపాలి. వచ్చిన సరుకు తిన్నగా వార్డుకు పోదు. స్టోర్‌లో ఓ పక్కన విడిగా ఉంచి, నమూనాలు ల్యాబ్‌కు పంపిస్తారు. బాగుందని రిపోర్టు వచ్చాకే పెట్టెలు కదులుతాయి. నరానికి ఎక్కించే మందైతే అందులో సూక్ష్మజీవులు లేవని తేల్చే స్టెరిలిటీ పరీక్ష ఉంటుంది. ఆ ఒక్క పరీక్షకే 14 రోజులు. నమూనాను ద్రావణంలో వేసి, ఏదైనా పెరుగుతుందేమోనని చూస్తూ కూర్చోవాల్సిన పని అది. దాన్ని ఎవరూ తొందరపెట్టలేరు.

ఇవన్నీ కలిస్తే నెలలు గడుస్తాయి. ఇందులో ఏ మెట్టూ దండగ కాదు. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో మోసం చేస్తేనో, ఎవరి ప్రాణమో పోతేనో ఒక్కో నిబంధన పుట్టింది. కానీ అంటువ్యాధి నెలల తరబడి ఆగదు. అలాంటప్పుడు ఈ మెట్లలో వేటిని దాటేయొచ్చు, వేటిని ఎంత తొందరున్నా దాటకూడదు? కరోనా మన రెండు తెలుగు రాష్ట్రాల ముందూ పెట్టిన ఈ ప్రశ్న గురించి ఈ రోజు నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను.

నేనుండేది అన్నోజిగూడలో. మా ఊరి నుంచి వరంగల్ రోడ్డు మీద హైదరాబాద్ నగరం వైపు బయల్దేరితే నారపల్లి, మేడిపల్లి, బోడుప్పల్ దాటి ఉప్పల్ వస్తుంది. అక్కడికి దగ్గర్లోనే నాచారం పారిశ్రామికవాడ, దాని పక్కన ఈఎస్ఐ ఆసుపత్రి. ఉప్పల్ రోడ్డు మీద ఇంకొంచెం ముందుకు పోతే హబ్సిగూడలో సీసీఎంబీ, తార్నాకలో ఐఐసీటీ, జాతీయ పోషకాహార సంస్థ. మందులు తయారుచేసేవాళ్లు, పరీక్షలు కనిపెట్టేవాళ్లు, తమ జీతంలోంచి వైద్యానికి డబ్బు కట్టే కార్మికులు, వాళ్ల కోసం కట్టిన ఆసుపత్రి, అందరూ ఈ ఒక్క దారిలోనే ఉన్నారు. అందుకే ఈ విషయం మా తూర్పు శివారు వాళ్లకు దూరపు సంగతి కాదు.

ముందు చట్టం మాట. అత్యవసరంలో టెండర్ లేకుండా కొనడం తప్పు అని చాలామంది అనుకుంటారు. తప్పు కాదు. ఇందాక చెప్పిన నియమావళిలోనే 166వ నిబంధన ఉంది. అత్యవసర పరిస్థితిలో ఒకే సరఫరాదారు దగ్గర కొనడానికి అది అనుమతిస్తుంది. మన కార్యాలయాల్లో దాన్నే నామినేషన్ మీద ఇవ్వడం అంటారు. అయితే ఎందుకు అలా కొనాల్సి వచ్చిందో కారణం ఫైల్లో రాయాలి, పై అధికారి ఆమోదం ఉండాలి. అంటే చట్టం పోటీని వదులుకోనిస్తుంది గానీ కారణం రాయకుండా వదిలేయనివ్వదు. నేను చెప్పదలచుకున్నదంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

ఆలస్యం ఎంత ప్రమాదమో ముందు చూద్దాం. ఎందుకంటే అవినీతి అనే మాట వినగానే మనకు కోపం వస్తుంది, ఆలస్యం అనే మాటకు రాదు. అది కూడా ప్రాణాలు తీస్తుంది.

గాలిలోంచి ఆక్సిజన్‌ను వేరుచేసి ఆసుపత్రి ఆవరణలోనే తయారుచేసే యంత్రాలున్నాయి. పీఎస్ఏ ప్లాంట్లు అంటారు. దేశమంతటా లాక్‌డౌన్ పెట్టింది 2020 మార్చిలో. జిల్లా ఆసుపత్రుల్లో ఈ ప్లాంట్ల కోసం కేంద్ర సంస్థ టెండర్ పిలిచింది ఆ ఏడాది అక్టోబరులో. పీఎం కేర్స్ నిధి నుంచి 162 ప్లాంట్లకు 201 కోట్ల 58 లక్షల రూపాయలు మంజూరైనట్టు ప్రకటించింది 2021 జనవరిలో. ఏప్రిల్ మూడో వారానికి, అంటే రెండో వేవ్ నెత్తిమీదికి వచ్చాక, అమర్చినవి 33 అని కేంద్ర ఆరోగ్య శాఖే చెప్పింది. ఇక్కడ ఎవరూ డబ్బు తిన్నారని నేను అనడం లేదు. నియమాలన్నీ పాటించే ఉండొచ్చు. కానీ ఏడాది కాలం చేతిలో ఉండగా, ఆసుపత్రిలో ఆక్సిజన్ తయారుచేసుకునే ఏర్పాటు అందాల్సిన వేళకు అందలేదు.

ఆ వసంతంలో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయింది. రావాల్సిన ట్యాంకర్ రావడం ఆలస్యమైంది. అధికారికంగా చెప్పిన లెక్క ప్రకారం 11 మంది చనిపోయారు. ట్యాంకర్ వచ్చింది. కాస్త ఆలస్యంగా వచ్చింది, అంతే. ఆ కాస్తలోనే అన్ని కుటుంబాల బతుకులు తలకిందులయ్యాయి.

తెలంగాణకు అప్పుడు ఒడిశా నుంచి ద్రవ ఆక్సిజన్ తెచ్చుకోవాల్సి వచ్చింది. రోడ్డు మీద పోయి రావడానికి రోజులు పడుతుంది. నిండు ట్యాంకర్‌ను విమానంలో ఎక్కించడం ప్రమాదం. అది మైనస్ 183 డిగ్రీల దగ్గర ఉండే ద్రవం, చిన్న లీకు కూడా పెద్ద మంటకు దారితీస్తుంది. అందుకని 2021 ఏప్రిల్ 23న బేగంపేట విమానాశ్రయం నుంచి వాయుసేన విమానాల్లో ఖాళీ ట్యాంకర్లను భువనేశ్వర్‌కు పంపారు. పోయే దారి గాలిలో, వచ్చే దారి నేల మీద. మూడు రోజులు మిగిలాయని అప్పట్లో లెక్క చెప్పారు. మే మొదట్లో అంగుల్ నుంచి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు సనత్‌నగర్ చేరింది. నా దృష్టిలో అది ప్రభుత్వ యంత్రాంగం చేసిన మంచి పనుల్లో ఒకటి. ఆ నిర్ణయానికి ఎవరైనా మూడు వారాల టెండర్ గడువు అడిగితే ఒప్పుకునేవాళ్లమా? ఒప్పుకోం. తొందరపడాల్సిన చోట తొందరపడే అధికారం సర్కారుకు ఉండాలి. ఆ అధికారం వాడుకున్న అధికారిని ఏడాది తర్వాత కేసులతో భయపెట్టకూడదు కూడా. భయపడ్డ అధికారి వచ్చేసారి సంతకం పెట్టడు. ఆ సంతకం కోసం ఎదురుచూస్తూ ఆసుపత్రిలో పడుకున్నవాడికి టైమ్ ఉండదు.

ఇక ధరల మాట. ఇక్కడ కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే అసలు పాఠం ఇందులోనే ఉందని నా నమ్మకం.

2020 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దక్షిణ కొరియాకు చెందిన ఎస్‌డీ బయోసెన్సర్ కంపెనీ ర్యాపిడ్ టెస్ట్ కిట్లు తెప్పించింది. లక్ష కిట్లు ఆ నెల 17న చేరాయి. అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి వాటితో పరీక్ష చేయించుకున్నారు కూడా. అంత వేగంగా అన్ని కిట్లు తెచ్చుకున్నందుకు మెచ్చుకోలు వచ్చింది. వెంటనే గొడవ కూడా వచ్చింది. కిట్ ధర 730 రూపాయలు. అదే కంపెనీ కిట్‌ను ఛత్తీస్‌గఢ్ 337 రూపాయలకు కొన్నదని ఆ రాష్ట్ర అప్పటి ఆరోగ్య మంత్రి టి.ఎస్. సింగ్ దేవ్ బయటపెట్టారు. రెండు ధరలకూ జీఎస్టీ అదనం. తేడా 393 రూపాయలు. లక్ష కిట్లకు లెక్కేస్తే మూడు కోట్ల 93 లక్షలు. ఆ డబ్బుతో ఎన్ని మండలాల ఆరోగ్య కేంద్రాలకు ఎన్ని మందులొస్తాయో ఆలోచించండి.

ప్రతిపక్షాలు విరుచుకుపడ్డాయి. ప్రభుత్వం చెప్పిన సమాధానం ఏమిటంటే: మేం ఆర్డర్ ఇచ్చిన రోజుకు ఆ కిట్ కొరియా నుంచి దిగుమతి చేసుకుంటేనే దొరికేది, తర్వాత హర్యానాలోని మానేసర్‌లో తయారయ్యే కిట్‌కు అనుమతి రావడంతో ధర తగ్గింది. పైగా మా కొనుగోలు ఆర్డర్‌లోనే ఒక షరతు రాశాం. దేశంలో ఇంకెవరికైనా ఇంతకంటే తక్కువకు అమ్మితే మేమూ ఆ తక్కువ ధరే చెల్లిస్తాం. కాబట్టి కట్టేది 337 లెక్కనే.

ఇలాంటి షరతును కొనుగోళ్ల విభాగాల్లో ఫాల్ క్లాజ్ అంటారు. ధర ముందే కుదుర్చుకునే రేట్ కాంట్రాక్టుల్లో ఎప్పటినుంచో ఉన్నదే, కొత్తగా కనిపెట్టింది కాదు. ఇక్కడ ఏ పార్టీ వైపూ నేను మాట్లాడటం లేదు. ఆ రోజు ఆ హడావుడిలో ఆర్డర్ టైప్ చేస్తున్న ఎవరో ఒక ఉద్యోగి ఆ ఒక్క వాక్యం చేర్చకపోయి ఉంటే ఏమయ్యేది అన్నదే నా ఆలోచన. ధర ఎంత న్యాయమో అప్పటికి ఎవరికీ తెలియదు. టెండర్ పిలిచే వ్యవధి లేదు. మార్కెట్ రోజుకో రకంగా ఉంది. అలాంటప్పుడు ఈ రోజు ఒప్పుకున్న ధర రేపు తప్పని తేలితే తిరగరాసుకునే దారి ఆ వాక్యంలో ఉంది. దానికి ఒక్క రోజు ఆలస్యం కూడా అక్కర్లేదు. టెండర్‌ను వదులుకున్నా టెండర్ ఇచ్చే రక్షణలో కొంత భాగాన్ని కాగితం మీద దాచుకోవచ్చని ఈ ఉదాహరణ చెబుతోంది.

ఇంచుమించు అవే రోజుల్లో ఢిల్లీలో ఇంకొకటి జరిగింది. భారత వైద్య పరిశోధన మండలి, మనం ఐసీఎంఆర్ అంటాం, చైనాలో తయారైన ర్యాపిడ్ కిట్లకు ఆర్డర్ ఇచ్చింది. ధర 600 రూపాయలు. దిగుమతి చేసుకున్న కంపెనీకీ పంపిణీ చేసే కంపెనీకీ మధ్య డబ్బుల గొడవ వచ్చి ఢిల్లీ హైకోర్టుకు ఎక్కారు. అక్కడ బయటపడింది, ఓడరేవో విమానాశ్రయమో దాటి మన దేశంలో దిగేసరికి ఆ కిట్ ఖరీదు 245 రూపాయలని. జీఎస్టీతో కలిపి 400కు మించి అమ్మకూడదని కోర్టు కట్టడి చేసింది. ఇద్దరు వ్యాపారులు పోట్లాడుకోకపోతే ఆ 245 అంకె మనదాకా వచ్చేదే కాదు. ఈలోగా కిట్లే సరిగా పనిచేయడం లేదని రాష్ట్రాలు మొత్తుకున్నాయి. ఏప్రిల్ 27న వాటిని వాడొద్దని, తిప్పి పంపమని ఐసీఎంఆర్ చెప్పింది. ముందుగా డబ్బు చెల్లించలేదు కనుక ఖజానాకు ఒక్క రూపాయి నష్టం లేదని కేంద్రం ప్రకటించింది. గమనించండి, ఇక్కడ కాపాడింది ఇంకో పాత నియమం: సరుకు చూడకుండా డబ్బివ్వకపోవడం. మామూలు రోజుల్లో ప్రైవేటు సంస్థకు ముప్పై శాతానికి మించి అడ్వాన్స్ ఇవ్వకూడదని ఆర్థిక నియమావళి అంటుంది. ఆపద వేళ అమ్మేవాడు మొత్తం ముందే అడుగుతాడు. ఒక్కోసారి ఇవ్వక తప్పదు. ఇవ్వాల్సి వస్తే బ్యాంక్ గ్యారంటీ అడగాలి. అదీ కుదరకపోతే ఎందుకు కుదరలేదో ఒక పేరా రాయాలి.

ధరలు ఎంత గాలిలో ఉంటాయో రెమ్డెసివిర్ చూపించింది. హైదరాబాద్ కంపెనీ హెటెరో 2020 జూన్‌లోనే దాన్ని కోవిఫర్ పేరుతో తెచ్చింది. 100 మిల్లీగ్రాముల సీసా గరిష్ఠ ధర 5,400. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో జనం ఆ సీసా కోసం ఒక మెడికల్ షాపు నుంచి ఇంకో షాపుకు పరుగులు తీస్తుంటే కేంద్రం జోక్యం చేసుకుంది. కంపెనీలు ధరలు తగ్గించాయి. తగ్గించాక జాబితా చూడండి: కాడిలా రెమ్డాక్ 899, డాక్టర్ రెడ్డీస్ రెడిక్స్ 2,700, సిప్లా సిప్రెమి 3,000, హెటెరో కోవిఫర్ 3,490. అంతకుముందు డాక్టర్ రెడ్డీస్ ధర కూడా 5,400. ఒకే మందు, ఒకే మోతాదు, ఒకే దేశం. అవి గరిష్ఠ చిల్లర ధరలు, ప్రభుత్వ కొనుగోలు ధరలు కావు, నిజమే. కానీ ఒక్క ప్రకటనతో సగానికి దిగగల ధర, ఆ ముందురోజు దాకా ఎందుకంత ఎత్తున ఉన్నట్టు? ఆ ముందురోజు దాకా కొన్నవాళ్లలో బంగారం కుదువపెట్టి కొన్నవాళ్లున్నారు. ఉప్పల్‌లో, బోడుప్పల్‌లో అలాంటి ఇళ్లు నాకు తెలుసు.

ఇక నాచారం సంగతికి వస్తాను. ఇది కరోనా కంటే ముందుది.

మా వీధిలో ఒక అక్క నాచారంలో ఒక కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. తన జీతం చీటీ ఒకసారి చూపించింది. మడతల దగ్గర చిరిగిపోతున్న సన్నటి కాగితం. బేసిక్, పీఎఫ్, దాని కింద ఈఎస్ఐ. 2019 జూలైకి ముందు కార్మికుల వాటా జీతంలో ఒకటీ ముప్పావు శాతం, యజమాని వాటా నాలుగూ ముప్పావు శాతం. పదిహేను వేల జీతానికి నెలకు 263 రూపాయలు కోత. ఆ తర్వాత వాటాను ముప్పావు శాతానికి తగ్గించారు, ఇప్పుడు అదే జీతానికి 113. చిన్న మొత్తమే. కానీ నెల నెలా, మందు అవసరం ఉన్నా లేకున్నా, ఓవర్‌టైమ్ చేసిన నెలలో ఇంకాస్త ఎక్కువగా, జీతం చేతికి అందకముందే కోసుకునే డబ్బు అది. బదులుగా ఆమెకు దక్కేది ఒక కార్డు. జ్వరమొచ్చినప్పుడు డిస్పెన్సరీకి పోతే మాత్ర ఇస్తారన్న భరోసా.

2019 సెప్టెంబరులో తెలంగాణ ఏసీబీ ఈ వ్యవస్థలోనే పెద్ద కేసు బయటపెట్టింది. రాష్ట్రంలో ఈఎస్ఐ ఆసుపత్రులకు, డిస్పెన్సరీలకు మందులు కొనేది బీమా వైద్య సేవల విభాగం. దాని అప్పటి డైరెక్టర్‌నూ మరికొందరు ఉద్యోగుల్నీ అరెస్టు చేశారు. టెండర్ పద్ధతిని పక్కనపెట్టారనీ, రేట్ కాంట్రాక్టులో లేని సంస్థల దగ్గర ఎక్కువ ధరకు కొన్నారనీ, తప్పుడు బిల్లులు పెట్టారనీ ఆరోపణ. తర్వాత ఈడీ కూడా రంగంలోకి దిగి 2021 నవంబరులో 144 కోట్ల రూపాయలకు పైగా ఆస్తుల్ని జప్తు చేసింది. ఎవరు దోషులో తేల్చాల్సింది న్యాయస్థానం. ఆ పని నేను చేయను.

నన్ను కదిలించేది వేరే. అప్పుడు ఏ మహమ్మారీ లేదు. కొరియా నుంచి విమానం రావాల్సిన అవసరం లేదు. షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు, యాంటీబయాటిక్స్, టెస్టు కిట్లు. ఏడాదికి ఎంత కావాలో జనవరిలోనే లెక్కగట్టి చెప్పగలిగినవి. ఇలాంటి వాటిని కూడా అప్పటికప్పుడు కొనే పరిస్థితి ఎలా వస్తుంది? స్టాక్ అయిపోయేదాకా ఊరుకుంటే వస్తుంది. ఉమ్మడి రాష్ట్రం కాలం నుంచీ ప్రభుత్వ ఆసుపత్రుల మందుల బడ్జెట్‌లో ఎక్కువ భాగం కేంద్రీకృత కొనుగోలుకు, ఓ ఐదో వంతు ఆసుపత్రి స్థాయిలో స్థానిక కొనుగోలుకు అనే ఏర్పాటు ఉంది. అర్ధరాత్రి పాము కాటుతో వచ్చినవాడికి మందు లేకపోతే సూపరింటెండెంట్ బయట కొనగలగాలి కదా, అందుకని. ఎంతో అవసరమైన వెసులుబాటు. కానీ కేంద్రీకృత సరఫరా ఆగిపోయినప్పుడల్లా మామూలు మందులు కూడా ఆ దారిలోకే మళ్లుతాయి. ఫైల్ మీద అత్యవసరం అని పడుతుంది. స్టోర్ ఖాళీగా ఉంది కాబట్టి ఆ మాట అబద్ధం కాదు. స్టోర్ ఎందుకు ఖాళీ అయ్యిందన్న ప్రశ్న మాత్రం ఆ ఫైల్లో ఉండదు.

నాచారం అక్క లాంటివాళ్లు నష్టపోయేది ఇక్కడ. డిస్పెన్సరీలో మాత్ర లేదంటారు. ఆమె బయట షాపులో కొనుక్కుంటుంది. జీతంలో కోసిన డబ్బు ఒకటి, చేతి నుంచి పెట్టింది ఇంకొకటి. ఒకే మందుకు రెండుసార్లు కట్టింది. ఆ సగం పూట సెలవు పెట్టినందుకు పోయిన కూలి మూడోది.

ఈ పరిస్థితి రాకుండా చేయొచ్చని పొరుగు రాష్ట్రం ఎప్పుడో చూపించింది. తమిళనాడు వైద్య సేవల సంస్థ 1994లో ఏర్పడి, 1995 జనవరి నుంచి మందులు కొనడం మొదలుపెట్టింది. అక్కడ ప్రతి ఆసుపత్రికి ఒక పాస్ బుక్ ఉంటుంది. బ్యాంకు పుస్తకంలాగే, ఏడాదికి మీ ఆసుపత్రికి ఇంత విలువైన మందులు, ఈ రోజు ఇంత తీసుకున్నారు, ఇంత మిగిలింది అని అందులో రాస్తారు. జిల్లా గోదాముల్లో ఏ మందు ఎంత ఉందో కేంద్ర కార్యాలయానికి తెలుస్తుంది. రేట్ కాంట్రాక్టులు ముందే కుదిరి ఉంటాయి, కాబట్టి నిల్వ తగ్గగానే ఆర్డర్ పంపితే చాలు, టెండర్ మొదటినుంచి పిలవక్కర్లేదు. మన వైద్య సేవల మౌలిక వసతుల సంస్థలు కూడా ఇంచుమించు ఇదే అచ్చులో పోసినవే. ఈ-ఔషధి అనే కంప్యూటర్ వ్యవస్థ కూడా వచ్చింది. అచ్చు మంచిదే. గడువు దాటని రేట్ కాంట్రాక్టులు, సరఫరాదారులకు సకాలంలో బిల్లులు, ఈ రెండూ ఉంటేనే అది నడుస్తుంది. బిల్లులు నెలల తరబడి బకాయి పెడితే మంచి కంపెనీ వచ్చే ఏడాది బిడ్ వేయదు. వేసినా బకాయికి వడ్డీ కలుపుకునే ధర చెబుతుంది. ఈ చిన్న సంగతిని మన రాష్ట్రాల ఆర్థిక శాఖలు ఇంకా సీరియస్‌గా తీసుకోవాలి.

నాణ్యత విషయం క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. స్టెరిలిటీ పరీక్షకు 14 రోజులని మొదట్లో అన్నాను కదా. అలాంటి రుజువు లేకుండా ఆత్రంగా కొంటే ఏమవుతుందో బ్రిటన్‌కు బాగా తెలిసొచ్చింది. అక్కడ 2020లో పలుకుబడి ఉన్నవాళ్లు సిఫారసు చేసిన సంస్థల కోసం ప్రత్యేకంగా ఒక దారి తెరిచారు. ఆ ఏర్పాటు చట్టవిరుద్ధమని 2022 జనవరిలో అక్కడి హైకోర్టు చెప్పింది. అలా వచ్చిన సంస్థల్లో ఒకటైన పీపీఈ మెడ్‌ప్రో రెండున్నర కోట్ల సర్జికల్ గౌన్లు సరఫరా చేసింది. అవి సరిగా స్టెరిలైజ్ చేసినవని రుజువు చేయలేకపోయింది. 2025 అక్టోబరులో దాదాపు 12 కోట్ల 20 లక్షల పౌండ్లు ప్రభుత్వానికి తిరిగి కట్టమని కోర్టు తీర్పిచ్చింది. ఐదేళ్లు పట్టింది. ఆ గౌన్లు ఏ ఆసుపత్రికీ ఉపయోగపడలేదు.

ఆ తీర్పు రావడానికి ఆధారం ఏమిటో చూడండి. గౌను ఏ ప్రమాణానికి తగ్గట్టు ఉండాలో ఒప్పందంలో స్పష్టంగా రాసి ఉంది. ఎంత తొందరలో కొన్నా ఆ వాక్యం ఉంది. అది లేకపోతే కోర్టుకు పోయి చెప్పుకోవడానికి కూడా ఏమీ ఉండేది కాదు.

ఇంతవరకూ ఎలా కొనాలి అన్నదే మాట్లాడుకున్నాం. అసలు కొనాల్సిన అవసరమే తగ్గించుకోవడం ఇంకో దారి. ఇందులో మా ఉప్పల్ రోడ్డు మీది సీసీఎంబీ చేసిన పని నాకు ఎంతో గర్వంగా అనిపిస్తుంది. కరోనా పరీక్షకు ముక్కులోంచి తీసిన స్వాబ్‌ను ఒక ప్రత్యేక ద్రవం ఉన్న సీసాలో వేసి పంపేవాళ్లు. ల్యాబ్‌లో ఇంకో కిట్‌తో దాన్నుంచి ఆర్ఎన్ఏ వేరు చేయాలి. ఆ ద్రవమూ, ఆ కిట్లూ దేశమంతా ఒకేసారి అడుగుతోంది, దొరకవు, దొరికినా ధర మండుతుంది. సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఆ ద్రవం లేకుండా పొడి స్వాబ్‌నే తెచ్చి, ఆర్ఎన్ఏ వేరుచేసే మెట్టు కూడా లేకుండా తిన్నగా ఆర్‌టీ-పీసీఆర్ చేయొచ్చని చూపించారు. 2020 నవంబరులో ఐసీఎంఆర్ ఆ పద్ధతికి ఆమోదం తెలిపింది. ఖర్చూ తగ్గుతుంది, టైమూ కలిసొస్తుంది. పల్లెల నుంచి సీసాలు ఒలికిపోకుండా తెచ్చే బాధ తప్పుతుంది. అయినా అది అంతటా వాడుకలోకి రాలేదు. కొనుగోలు చేసేవాళ్ల గదిలో శాస్త్రవేత్తకు కూడా ఒక కుర్చీ ఉండాలని నేను అనేది ఇందుకే. ఎంతకు కొందామని అడిగే ముందు, ఇది కొనకపోతే కుదురుతుందా అని అడిగేవాళ్లు ఒకరుండాలి.

టీకాల విషయంలో మన రెండు రాష్ట్రాలకూ ఎదురైన అనుభవం కూడా గుర్తుచేసుకోవాలి. 2021 మే నెలలో రాష్ట్రాలు తమ టీకాలు తాము కొనుక్కోవచ్చన్న విధానం వచ్చింది. శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీలో తయారైన కోవాగ్జిన్ ధర అప్పుడు కేంద్రానికి 150 రూపాయలు, రాష్ట్రాలకు 400. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ చెరో కోటి డోసుల కోసం గ్లోబల్ టెండర్లు పిలిచాయి. బిడ్లు రాలేదు. విదేశీ కంపెనీలు విడివిడిగా రాష్ట్రాలతో మాట్లాడవు. పది రాష్ట్రాలు ఒకే సరుకు కోసం పోటీపడితే లాభం అమ్మేవాడికే. జూన్ 7న ప్రధాని విధానం మార్చారు, జూన్ 21 నుంచి కొనుగోలు మళ్లీ కేంద్రం చేతికి వెళ్లింది. అందరికీ కావాల్సిన వస్తువును అందరూ కలిసి కొనాలి. ఆ ఏడు వారాలు అది మరిచిపోయాం.

ఆపద మళ్లీ వస్తుంది. ఏ పేరుతో వస్తుందో, ఏ కిట్ కావాలో ఇప్పుడు తెలియదు. కానీ అప్పుడు రాయాల్సిన ఆర్డర్ నమూనా ఇప్పుడే తయారుచేసి పెట్టుకోవచ్చు. నామినేషన్ మీద కొంటే కారణం రాయడానికి ఖాళీ గడి, ఫాల్ క్లాజ్, నాణ్యత ప్రమాణం, అడ్వాన్స్‌కు గ్యారంటీ, ఇవన్నీ అచ్చువేసి ఉంచితే ఆ రోజు ధర, సంఖ్య నింపి సంతకం పెడితే సరిపోతుంది. ఇంకొకటి ఉక్రెయిన్ నుంచి నేర్చుకోవచ్చు. కరోనా కొనుగోళ్లకు అక్కడ టెండర్ నుంచి మినహాయింపు ఇచ్చారు. కానీ ప్రతి ఒప్పందాన్నీ ప్రొజొరో అనే బహిరంగ వెబ్‌సైట్‌లో వెంటనే పెట్టాలన్నారు. ఎవరు, ఎవరికి, ఎంతకు అన్నది ఊరందరూ చూడొచ్చు. పోటీ లేని చోట కనీసం వెలుగు ఉండాలి. ఆంధ్ర కిట్ల ధర విషయంలో మనకు వెలుగు చూపింది పొరుగు రాష్ట్ర మంత్రి మాట. ఐసీఎంఆర్ విషయంలో వ్యాపారుల తగాదా. ప్రతిసారీ అలాంటి యాదృచ్ఛికం మీద ఆధారపడలేం.

అలాంటి ఏర్పాటు మనకు వచ్చేదాకా సమాచార హక్కు చట్టం, 2005 చేతిలో ఉంది. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు పెడితే రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపై స్థాయికి 10 రూపాయలు. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అసలే లేదు. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లోనే ఇవ్వాలని చట్టంలోని ఏడో సెక్షన్ చెబుతోంది. మీ దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికో, ఈఎస్ఐ డిస్పెన్సరీకో తెల్ల కాగితం మీద రాయండి. గత ఏడాది స్థానిక కొనుగోలు కింద ఏ మందులు, ఎంత పరిమాణంలో, ఏ ధరకు, ఎవరి దగ్గర కొన్నారు? వాటిలో రేట్ కాంట్రాక్టులో ఉన్న మందులెన్ని? అవి స్టోర్‌లో అయిపోయిన తేదీ ఏది, కొత్త ఇండెంట్ పంపిన తేదీ ఏది? ఈ రెండు తేదీలూ తప్పకుండా అడగండి. ఏ మందు నిజంగా అత్యవసరమో, ఏది పట్టించుకోకపోవడం వల్ల అత్యవసరమైందో ఆ రెండు తేదీల మధ్య ఉన్న రోజుల్లో కనిపిస్తుంది.